మూడోసారి వెళ్తే

పదకొండు కంప్యూటర్లు, ముప్పై ముగ్గురు పిల్లలు. ఒక్కో తెర ముందు ముగ్గురు చొప్పున ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. మధ్యాహ్నం రెండు దాటింది. గదిలో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం మానేసి మూడు రోజులైంది. సోమవారం అతిథులు వస్తున్నారనీ, ఈ సాయంత్రానికల్లా పిల్లలందరి ఆటలూ చూపించడానికి సిద్ధంగా ఉండాలనీ పెద్దమేడమ్ పొద్దున్నే చెప్పి వెళ్ళింది. అప్పటినుంచీ కంప్యూటర్ టీచర్ కుర్చీలో కూర్చోలేదు.

"టీచర్, మా పిల్లి గోడలోంచి దూరి వెళ్ళిపోతోంది."

"వెళ్ళమన్నారు, వెళ్తోంది. గోడ తగిలితే ఆగమని ఎక్కడ చెప్పారు? వెతకండి."

"టీచర్, వీడు మౌస్ ఇవ్వట్లేదు."

"ఇవ్వకపోతే వాడి పిల్లి తోక కత్తిరిస్తానని చెప్పు."

పిల్లలు నవ్వారు. మౌస్ చేతులు మారింది.

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఆమె దగ్గర ఉన్నవల్లా తెర మీది రంగుల దిమ్మెలే. ఒక్కో దిమ్మె మీద ఒక్కో ఆజ్ఞ ఉంటుంది. పది అడుగులు నడువు. కుడికి తిరుగు. ఇది జరిగితే అది చెయ్యి. ఇన్నిసార్లు మళ్ళీ చెయ్యి. మౌస్‌తో లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి పెడితే అతుక్కుంటాయి. స్పెల్లింగు తప్పుతుందన్న భయం లేదు. ఆకుపచ్చ జెండా నొక్కగానే, వాళ్ళు ఏ వరుసలో చెప్పారో ఆ వరుసలోనే బొమ్మ కదులుతుంది.

జూన్‌లో మొదటి రోజున ఆమె కంప్యూటర్లు వెయ్యనే లేదు. చేతిలో చెంబూ గ్లాసూ పట్టుకుని, "ఈ గంటసేపూ నేను యంత్రాన్ని. గ్లాసులో నీళ్ళు పొయ్యమని చెప్పండి" అంది. పొయ్యమన్నారు. పోసింది. నిండితే ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి గ్లాసు నిండి, నీళ్ళు చీర కుచ్చెళ్ళ మీద పడి, గచ్చంతా పారాయి. పిల్లలు పడీ పడీ నవ్వాక ఆమె చెప్పింది: "యంత్రం తనంతట తాను ఏదీ మార్చదు. తప్పు జరిగిందంటే, ఎవరో ఒక మనిషి తప్పు చెప్పారన్నమాట. ఆ మనిషిని వెతకాలి." ఆ మాట పిల్లలకి ఎంత నచ్చిందంటే, భోజనాల దగ్గర పప్పులో ఉప్పు తక్కువైనా "ఆ మనిషిని వెతకాలి" అనేవాళ్ళు.

చివరి కంప్యూటర్ దగ్గర పిచ్చుక కూర్చుని ఉంది. ఆరో తరగతి పిల్లల్లో అందరికంటే చిన్నగా ఉంటుందనీ, మీటలు టకటకా పొడుస్తుందనీ ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు. మిగతా అందరూ పిల్లి పళ్ళు ఏరుకునే ఆటే చేశారు. పిచ్చుక చేసింది వేరు. తెర మీద కుట్టుమిషను ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మౌస్‌తో గీసిన బొమ్మ, ఒక చెయ్యి రెండోదానికంటే బారెడు పొడుగొచ్చింది. పైన గడియారం. దాని పక్కన కాలర్లు, దాహం, ఆపుకోవడం అని మూడు అంకెలు.

"ఇదేంటే?"

"ఆడి చూడండి టీచర్. పొడుగు మీట నొక్కితే కాలర్ కుడుతుంది. గంటకి డెబ్బై కుట్టాలి. సాయంత్రం ఆరు కొట్టేదాకా పడిపోకుండా ఉంటే గెలిచినట్టు."

టీచర్ వంగి ఆడింది. కాలర్లు పెరుగుతుంటే దాహం పెరిగింది. కింది బాణం నొక్కితే బొమ్మ నీళ్ళు తాగింది, దాహం తగ్గింది, ఆపుకోవడం పెరిగింది. పై బాణం నొక్కితే బొమ్మ లేచి మూలనున్న తలుపు దాకా వెళ్ళి వచ్చింది. రెండుసార్లు అలా వెళ్ళొచ్చింది. మూడోసారి తలుపు దగ్గర ఈల మోగి, తెర నల్లబడి, 'ఆట అయిపోయింది' అని పడింది. అప్పటికి గడియారంలో ఒంటిగంటన్నర.

రెండోసారి ఆమె నీళ్ళు తాగించడం తగ్గించింది. దాహం వందకు చేరి బొమ్మ మిషను మీదికి వాలిపోయింది. అప్పుడు మూడున్నర. ఇంకోసారి ఆడింది. నాలుగు దాటలేదు.

"ఎక్కడో లెక్క తప్పావు. ఆటన్నాక గెలిచే దారి ఒకటి ఉండాలి కదా."

"తప్పలేదు టీచర్. అన్నీ అమ్మని అడిగే పెట్టా. రోజుకి బాత్‌రూముకి రెండుసార్లే పంపిస్తారు. కార్డు మీద ముద్ర వేస్తారు. మూడోసారి వెళ్తే అరపూట జీతం కోత."

"మరి మీ అమ్మ ఆరింటిదాకా ఎట్లా ఉంటోంది?"

"ఉంటుంది. ఇంటికొచ్చాక పడిపోతుంది. ఆ దిమ్మె ఇంకా పెట్టలేదు."

టీచర్ దిమ్మెల వరుస తెరిచి చూసింది. ఒక అంకె తగ్గితే ఇంకోటి పెరిగేలా రెండింటినీ ముడి వేసింది ఆ పిల్ల. 'అయితే' లోపల ఇంకో 'అయితే'. ఈ తరగతికి ఆమె అది నేర్పనే లేదు. ముందుగా ఒళ్ళు పులకరించింది. ఎనిమిదేళ్ళ నుంచీ పాఠం చెబుతున్నందుకు ఇలాంటిది ఒక్కటి చాలనిపించింది. ఆ తర్వాత, కంప్యూటర్ పక్కన అంటించిన నీలం చీటీ మీద ఆమె కన్ను పడింది. ఈ కంప్యూటర్లు ఇచ్చిన బట్టల ఫ్యాక్టరీవాళ్ళ గుర్తు అది. పదకొండింటికీ ఉంది. సోమవారం వచ్చేది ఆ ఫ్యాక్టరీ మేనేజరు.

సాయంత్రం బడి వదిలాక పెద్దమేడమ్ వచ్చి వరుసగా ఆటలన్నీ చూసింది. పిచ్చుక ఆట దగ్గర ఒకసారి ఆడింది, ఓడిపోయింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఈ పిల్ల తల్లి వాళ్ళ దగ్గరే కదూ పనిచేస్తోంది?"

"అవును మేడమ్. కాలర్ల లైన్లో."

"ఎవరు చేశారని అడుగుతారు. పిల్ల ఉన్నదున్నట్టు చెబుతుంది. రేప్పొద్దున ఆ తల్లికి ఏమన్నా అయితే?" పెద్దమేడమ్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మీ కాంట్రాక్టు కాగితం కూడా వాళ్ళ ఆఫీసులోనే ఉందమ్మా. నేనేమీ చెప్పట్లేదు. మీరే ఆలోచించుకోండి."

టీచర్ ఆలోచించుకుంది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నెల కిందట నిచ్చెన జారి మణికట్టు విరగ్గొట్టుకుని, కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. ఆమెది ఫ్యాక్టరీవాళ్ళు జీతమిచ్చి పదకొండు నెలలకోసారి కొత్తగా రాసే ఉద్యోగం. ఈ నెలాఖరుకి గడువు తీరుతుంది. పిల్ల తల్లికి అపకారం జరగకూడదన్న మాట కూడా అబద్ధమేమీ కాదు. ఆ మాటనే ముందు పెట్టుకుని, తన మాటను దాని వెనక దాచుకుంది.

పని మూడు నిమిషాల్లో అయిపోయింది. '2' ఉన్నచోట '20' పెట్టింది. ఈల తీసేసి చప్పట్లు పెట్టింది. ఆరు కొట్టగానే బొమ్మ నవ్వి 'హాయిగా ఉంది' అనేలా ఒక ఊదారంగు దిమ్మె తగిలించింది. పాతదాని స్థానంలో దీన్నే ఉంచాలా అని యంత్రం అడిగింది. వేరే పేరుతో దాచుకోవచ్చు. చివర ఒక్క అక్షరం చేర్చితే సరిపోయేది. ఆమె చేర్చలేదు. ఎందుకు చేర్చలేదని తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. పాతది ఎక్కడో ఒకచోట ఉండిపోతే, తాను చేసిన పనికి సాక్ష్యం మిగులుతుందని భయపడింది. అంతకంటే గొప్ప కారణమేదీ దొరకలేదు.

సోమవారం వచ్చిన మేనేజరు ముప్పై అయిదేళ్ళవాడు, మర్యాదస్తుడు. పిల్లల పక్కన స్టూళ్ళ మీద కూర్చున్నాడు. పిల్లులన్నిటి చేతా పళ్ళు ఏరించాడు. చివరి కంప్యూటర్ దగ్గరకొచ్చి, "ఇది మన ఫ్యాక్టరీలా ఉందే" అని ముచ్చటపడి ఆడాడు. బొమ్మ డెబ్బై చొప్పున కాలర్లు కుట్టింది, కావలసినన్ని నీళ్ళు తాగింది, కావలసినన్నిసార్లు లేచి వెళ్ళొచ్చింది. ఆరు కొట్టింది. చప్పట్లు మోగాయి. 'హాయిగా ఉంది' అంది బొమ్మ.

పిచ్చుక తెరనే చూస్తోంది. బొమ్మ మూడోమాటు తలుపు దాటి వెళ్ళినప్పుడే పిల్ల చెయ్యి మౌస్ వైపు కదిలి, ఆగింది. ఆ తర్వాత తలెత్తి టీచర్ వైపు చూసింది.

"ఎవరు నేర్పారు పాపా నీకు ఇదంతా?" అన్నాడు మేనేజరు.

"టీచర్ నేర్పారు."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. మామూలుగానే అంది. టీచర్‌కి మాత్రం తల కొట్టేసినట్టయింది. మేనేజరు ఆమెకు నమస్కారం పెట్టి, ఆ ఆటను ఒక పెన్‌డ్రైవులో అడిగి తీసుకున్నాడు. వాళ్ళ క్యాంటీన్‌లో పెద్ద తెర ఉందట, పనివాళ్ళకి చూపిస్తాడట.

అతిథులు వెళ్ళాక పిచ్చుక గది బయట నిలబడి ఉంది.

"టీచర్, ఇరవై ఎవరు పెట్టారు?"

"ఏమోనే. పాత కంప్యూటర్లు కదా. ఒక్కోసారి అవే ఏదో చేస్తాయి."

పిల్ల చెప్పుల వైపు చూసుకుంది. "యంత్రం తనంతట తాను మార్చదు కదా టీచర్" అంది మెల్లిగా. జవాబు కోసం ఆగలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా పిచ్చుక కంప్యూటర్ గదికి వచ్చింది, తన చోటులో కూర్చుంది, తన వంతు వస్తే మౌస్‌ని పక్కపిల్ల వైపు జరిపేసింది. ఏమే, ఒంట్లో బాగా లేదా అంటే బాగానే ఉంది టీచర్ అంది. ఆమె గద్దించలేకపోయింది, బతిమాలనూ లేకపోయింది. బతిమాలాలంటే ఎందుకో చెప్పాలి. ఇంట్లో అన్నం పెడుతూ భర్తతో ఒకసారి అనబోయి, "మా పిల్లల ఆటలు మేనేజరుకి నచ్చాయి" అని ముగించింది. మంచిదేగా అన్నాడతను, ఎడమ చేత్తో ముద్ద కలపడానికి తంటాలు పడుతూ.

తర్వాతి వారం పిచ్చుక బడికి రావడం మానేసింది. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. అయిదో రోజు టీచర్ బడి నుంచే నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది.

మూడంతస్తుల మేడకి వెనక వైపు, మెట్ల కింద, ఒకటే గది. వాకిట్లో బకెట్ల వరుస. పిచ్చుక గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. టీచర్‌ని చూసి లేచి, లోపల్నుంచి పీట తెచ్చి వేసింది. గది లోపల మంచం మీద తల్లి పడుకుని ఉంది. దుప్పటి కప్పుకున్నా వణుకుతోంది. తలగడ పక్కన మాత్రల చీటీ, నీళ్ళ సీసా ఉన్నాయి.

"రండి టీచర్. లేవలేకపోతున్నా, ఏమీ అనుకోకండి. నాకే జ్వరం, దీన్ని కాపలా పెట్టుకున్నా. మూత్రంలో మంట. గంటగంటకీ నీళ్ళు తాగమన్నాడు డాక్టరు." తల్లి నవ్వబోయింది. "ఇంట్లో పడుంటే గానీ నీళ్ళు తాగే భాగ్యం లేదు."

పిల్లకి పాఠాలు పోతున్నాయంది టీచర్.

"పోనివ్వండి. అది చదివి చేసిన నిర్వాకం చాలు." తల్లి గొంతు మారింది. "క్యాంటీన్‌లో పెద్ద తెర మీద వేశారండీ దీని ఆట. మా లైన్లో అరవై రెండు మందిమి. ఆ కార్డు ముద్రలు తీసెయ్యమని అందరం కలిసి కాగితం రాసి, సంతకాలు పెట్టి ఇచ్చాం. నెలరోజులు తిరిగి ఒక్కొక్కరి కాళ్ళూ పట్టుకుని పెట్టించింది నేనే. మేనేజరు ఆ ఆట వేసి, ఇది మీలో ఒకావిడ కూతురే చేసింది, చిన్నపిల్లకి కనబడిన హాయి మీకు కనబడట్లేదా అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ నా పక్క మిషనావిడ కూడా నాతో మాట్లాడట్లేదు. మాకు ఒకటి చెప్పి కూతురిచేత ఇంకోటి రాయించావా అంటారు."

పిచ్చుక బియ్యంలోంచి తల ఎత్తలేదు.

"ఇంటికొచ్చి అడిగితే, నేను రెండే పెట్టానమ్మా అంటుంది. మరి ఇరవై ఎవరు పెట్టారే అంటే మాట్లాడదు. ఎంత అడిగినా మాట్లాడదు. ఒళ్ళు మండి చెయ్యి చేసుకున్నా. ఎప్పుడూ దాన్ని కొట్టలేదండీ నేను."

టీచర్ పిల్ల వైపు చూసింది. ఇరవై ఎవరు పెట్టారో ఆ పిల్లకి మొదటి రోజే తెలుసు. వెతకాల్సిన మనిషిని ఎప్పుడో వెతికి పట్టుకుంది. దెబ్బలు తిని కూడా ఆ మనిషి పేరు చెప్పలేదు.

"అది నిజమే చెప్పింది" అంది టీచర్. "రెండే పెట్టింది. ఇరవై పెట్టింది నేను. ఆ నవ్వూ, చప్పట్లూ నేనే పెట్టాను. అడిగితే కంప్యూటర్ చేసిందని అబద్ధం చెప్పాను."

పైఅంతస్తులో ఎవరో మెట్లు దిగుతుంటే, నెత్తి మీదే నడుస్తున్నట్టు వినబడింది. తల్లి మోచేతి మీద లేచింది. టీచర్‌ని చూడలేదు. "ఇట్రా" అంది కూతురితో. పిల్ల వచ్చి మంచం పక్కన నిలబడింది. తల్లి ఆ పిల్ల చెంప మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కొట్టిన చెంప అదే కాబోలు. పిల్ల ఏడవలేదు, తల్లే ఏడ్చింది.

తల్లి ఇటు తిరిగింది. "ఎందుకు చేశారు?"

"నీకేమన్నా అవుతుందని..." అని మొదలుపెట్టి టీచర్ ఆగిపోయింది. ఇంకోసారి ఆ మాట వెనక దాక్కోవడానికి మొహం చెల్లలేదు. "నా ఉద్యోగం పోతుందని."

తల్లి తల ఊపింది. ఆ కారణం ఆమెకు బాగా తెలిసిందే. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది టీచర్‌కి.

"నన్ను క్షమించమ్మా. అడగడానికి కూడా..."

"నాకు చెప్పేసి, మీరు తేలికపడి ఇంటికెళ్ళిపోతే ఎట్లా టీచర్?" అంది తల్లి. "నాకొక్కదానికి తెలిస్తే ఏమవుతుంది? నేను చెబితే ఇంకో అబద్ధం ఆడుతున్నా అంటారు. మీరు మేనేజరు చేత నమస్కారం పెట్టించుకున్నారు కదా, మీ మాట వింటారు. సోమవారం నేను పనిలోకి వెళ్తా. ఆరింటికి గేటు దగ్గర అందరం బయటికొస్తాం."

"నీ మీదికి వస్తుందేమో."

"రాని రోజు ఏది గనక."

టీచర్ సరే అనలేదు, కాదనలేదు. పీట మీంచి లేచింది. పిచ్చుక బియ్యం చేట లోపల పెట్టి, వీధి మలుపు దాకా ఆమెతో వచ్చింది. మలుపు దగ్గర టీచర్ ఏదో అనబోతే, "పాతది ఉందా టీచర్?" అని అడిగింది పిల్ల.

"లేదు. దాని మీదే రాసేశాను."

"సరే టీచర్" అని వెనక్కి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున పెద్దమేడమ్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫ్యాక్టరీవాళ్ళు ఆ ఆటను వాళ్ళ మిగతా శాఖల్లోనూ చూపిస్తారట. ఇది ఫలానా విద్యార్థిని సొంతంగా చేసినదే అని కంప్యూటర్ టీచర్ సంతకం పెట్టాలి. కింద క్లిప్పు పెట్టి ఆమె కొత్త కాంట్రాక్టు కూడా పంపారు.

టీచర్ రెండు కాగితాలూ చదివింది.

"మొదటిదాని మీద నేను సంతకం పెట్టను మేడమ్."

"ఎందుకని?"

"ఆ పిల్ల చేసింది ఇది కాదు. ఆ పిల్ల చేసిందాన్ని నేను చెరిపేశాను."

పెద్దమేడమ్ కళ్ళద్దాలు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "రెండూ కలిపే పంపారమ్మా. ఒకటి పెట్టి ఒకటి మానడానికి లేదు." ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. కాగితాలు అక్కడే వదిలేసి వెళ్ళింది. సాయంత్రం దాకా అవి బల్ల మీదే ఉన్నాయి. పిల్లలు నోటుపుస్తకాలు తెచ్చి వాటి మీద పెట్టారు.

ఇంటికి వెళ్ళి మొహం కడుక్కుని, భర్తకు జరిగిందంతా చెప్పింది. ఈసారి మొదటినుంచీ చెప్పింది. అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"నా చెయ్యి ఇంకో మూడు వారాలు పడుతుందన్నాడు డాక్టరు."

"తెలుసు."

"వెళ్ళి తీరాలా?"

ఆమె చెప్పులు వేసుకుంది. అతను "మబ్బు పట్టింది. గొడుగు పట్టుకెళ్ళు" అన్నాడు.

ఆరు కొట్టింది. ఫ్యాక్టరీ గేటు సగమే తెరుస్తారు. ఆ సందులోంచి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు బయటికి వస్తున్నారు. వాచ్‌మన్ ఒక్కొక్కరి సంచీ తడిమి చూసి వదులుతున్నాడు. బయటపడినవాళ్ళు నిలబడలేదు. కొందరు పరుగులాంటి నడకతో ఇళ్ళవైపు వెళుతున్నారు. ఆ పరుగు ఎందుకో టీచర్‌కి అర్థమైంది. అర్థమయ్యాక, వాళ్ళకి అడ్డం నిలబడటానికి సిగ్గేసింది.

పిచ్చుక తల్లి బయటికొచ్చింది. టీచర్‌ని చూసింది. దగ్గరకు రాలేదు. పక్కనున్న ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఆవిడ మోచెయ్యి విడిపించుకుంది, కానీ ఆగింది. ఆమె ఆగితే వెనకవాళ్ళు ఆగారు. పది మంది, పదిహేను మంది. దారి నిండింది.

టీచర్ రోజూ ముప్పై మందికి పైగా పిల్లల ముందు గొంతెత్తి మాట్లాడే మనిషి. ఇప్పుడు నోట్లో తడి లేదు.

"నేను పిల్లలకి కంప్యూటర్ చెబుతానండీ. మీ క్యాంటీన్‌లో ఒక ఆట చూపించారు. అందులో ఆ పిల్ల రెండుసార్లే అని పెట్టింది. మూడోసారి వెళ్తే ఆట అయిపోయేది. దాన్ని మార్చింది నేను."

ముందు వరసలోని వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తల్లి పక్కనున్న ఆవిడ మొహంలో ఏముందో టీచర్‌కి తెలియలేదు. వాచ్‌మన్ సంచీలు చూడటం ఆపి, గేటు వదిలి ఇటువైపు నడిచి వస్తున్నాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

వెనక ఎక్కడినుంచో, మనిషి కనబడకుండా, ఒక ఆడగొంతు వచ్చింది.

"మాకు వినబడలేదు టీచర్. గట్టిగా చెప్పండి."